కంచం పొత్తు

ఎల్లన్నకు కోపం ముక్కు మీదే ఉంటుందని మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ తెలుసు. రియాద్ వచ్చాక ఆ సంగతి పాకిస్తానీలకూ బంగ్లాదేశీలకూ కూడా తెలిసిపోయింది. గోడకు గ్రానైటు పలక కూర్చేటప్పుడు మాత్రం అతనంత ఓపికమంతుడు దొరకడు. పలక కుదరకపోతే ఎన్నిసార్లయినా తీసి పెడతాడు. మనిషి కుదరకపోతే ఒక్కసారే తీసేస్తాడు, మళ్లీ పెట్టడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. నాలుగో కాలు చూపించబోయినవాడితో ఆ రోజు నుంచి మాటలు బంద్. అలా బంద్ అయినవాళ్లలో అందరికన్నా దగ్గరివాడు స్వామి, భార్య ముత్యవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు.

వాళ్లిద్దరికీ చెడింది తొమ్మిదేళ్ల కిందట, సౌదీలోనే ఖఫ్జీ అనే ఊళ్లో పనిచేసేటప్పుడు. ఎల్లన్న ఏజెంట్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి తన తమ్ముడు భూమేశ్‌కు వీసా తెప్పించాడు. ఆ మహానుభావుడు వచ్చి ఏడాది నిండకుండానే కంపెనీ నుంచి పారిపోయి ఖల్లివల్లి అయ్యాడు. కాగితాలు లేకుండా దొంగచాటుగా పనిచేసుకునేవాళ్లను ఇక్కడ మనవాళ్లు అనే మాట అది. అతను తలదాచుకున్న గది జాడ ఎల్లన్నకూ స్వామికీ తప్ప మూడోవాడికి తెలియదు. ఒకనాడు పోలీసులు దారి అడక్కుండా సరాసరి ఆ గదికే వచ్చారు. భూమేశ్‌ను పట్టుకుపోయి, వేలిముద్రలు తీసుకుని, మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టే వీలు లేకుండా ఇంటికి పంపేశారు. తాను చెప్పలేదు కాబట్టి స్వామే చెప్పాడు. ఎల్లన్నకు ఇక వేరే విచారణతో పని లేకపోయింది.

క్యాంపు మెస్సులో అందరూ చూస్తుండగా స్వామి ముందున్న పళ్లెం తీసి అవతల పెట్టి, "ఇయ్యాల్టి నుంచి నీకు నాకు కంచం పొత్తు లేదు" అనేశాడు.

ఆ మాట బరువు వాళ్ల ఊరి వాళ్లకే తెలుస్తుంది. ఒకే కంచంలో చెయ్యి పెట్టి తిన్నవాళ్లు అయినవాళ్లు. పగ వస్తే ముందుగా తెగేది అదే. తెగినదాన్ని అతకాలంటే పెద్దమనుషులూ కన్నీళ్లూ పనికిరావు. ఇద్దరూ వచ్చి ఒకే కంచంలో చెయ్యి పెట్టాలి, అప్పటిదాకా ఎవరి గడప వాళ్లదే.

అంతటితో ఆగితే అతను ఎల్లన్న ఎందుకవుతాడు? అదే రోజు ముత్యవ్వకు ఫోన్ చేసి, స్వామి గడప తొక్కితే తన మీద ఒట్టే అన్నాడు. గల్ఫ్‌లో ఉన్న మొగుడి ప్రాణం మీద పడ్డ ఒట్టును దాటే ధైర్యం ఏ ఆడదానికుంటుంది? ముత్యవ్వ తల్లి దేవవ్వ ఉండేది ఆ గడప లోపలే, తన ఇంటికి రెండు వాడల అవతల. తొమ్మిదేళ్లుగా తల్లీకూతుళ్లు కలుసుకుంటే రేషన్ షాపు దగ్గర, లేదా ఎవరి పెళ్లిలోనో పేరంటంలోనో.

ఇప్పుడు దేవవ్వ మంచాన పడింది. ఇక రేషన్ షాపుకు రాదు. గురువారం ముత్యవ్వ ఫోన్ చేసి చెప్పిన మాటలు ఎల్లన్న చెవుల్లో ఇంకా గింగురుమంటున్నాయి.

"స్వామి పైనల్ ఎగ్జిట్ మీద మొత్తానికే వస్తున్నడట. శనివారం ఇమానం. ఈడికొచ్చినంక మీరు కలిసేది లేదు సచ్చేది లేదు, నాకెర్కే. ఆడ తెంపుకున్నది ఆడనే కలుపుకోండ్రి. అవ్వ ఒకతీరుగ నన్నే కలవరిస్తున్నదట."

"చూస్త తియ్."

"చూసుడు కాదు. రేపు మీ ఇద్దరికి ఒక్కకాడనే తిండి అని ఇన్న. తినుండ్రి" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఒకే చోట తిండి అన్నమాట నిజమే. రియాద్ ఉత్తరాన కొత్తగా కట్టిన ఒక హోటలుకు గోడలకూ నేలకూ గ్రానైటు కూర్చింది ఎల్లన్న మనుషులు, కరెంటు పని చేసింది స్వామి మనుషులు. నాలుగు నెలలు ఒకే కప్పు కింద పనిచేసినా ఇద్దరి మధ్యా ఒక్క తెలుగు మాట నడవలేదు. ఈ గోడకు వైరు ఎక్కడినుంచి తీయాలో ఎల్లన్న ఒక పఠాన్ మేస్త్రీకి హిందీలో చెప్పేవాడు, పఠాన్ రెండడుగులు వేసి అదే హిందీ స్వామికి చెప్పేవాడు. ఒకే ఊరివాళ్లయి ఉండి ఒకరి భాష ఒకరికి ఎందుకు రాదో ఆ పఠాన్‌కు చివరిదాకా అంతుపట్టలేదు.

ఆ హోటలు వంటవాడి పేరు షోసే. స్పెయిన్‌లో గలీసియా అనే సముద్రపు సీమ నుంచి వచ్చాడు. అక్కడి తిండే ఇక్కడ పెడతాడు, చిన్న చిన్న పళ్లేలలో. తమ ఊళ్లో ఇల్లు పూర్తయితే కట్టినవాళ్లకు పెట్టకుండా ఇంటివాళ్లు తినరట. అందుకని హోటలు తెరవకముందే, శుక్రవారం జుమా నమాజు అయ్యాక, పనివాళ్లందరినీ భోజనానికి పిలిచాడు. ఎల్లన్నకు ఇది వింతగా తోచలేదు. తమ దగ్గరా స్లాబు పడ్డనాడు మేస్త్రీలకు యాటను కోసి పెట్టకపోతే ఆ ఇంటికి మంచిది కాదంటారు.

వింత లోపలికి వెళ్లాక మొదలైంది. బల్లలు చిన్నవి, ఒక్కోదానికి ఇద్దరేసి. పాపం షోసే మంచి మనసుతో ఆలోచించి ఒక భాష వాళ్లను ఒక దగ్గర కూర్చోబెట్టాడు. పఠాన్లను పఠాన్లతో, బెంగాలీలను బెంగాలీలతో. ఎల్లన్న భుజం పట్టుకుని తీసుకెళ్లి, గోడవార బల్ల దగ్గర అప్పటికే కూర్చున్న స్వామి ఎదుట కూర్చోబెట్టి, "తెలుగు, తెలుగు" అని ఇద్దరినీ చూపించి మురిసిపోయాడు.

పఠాన్ మేస్త్రీ పక్క బల్ల నుంచి చూసి, "యా అల్లా" అని మెల్లగా అన్నాడు.

తొమ్మిదేళ్ల తర్వాత ఎల్లన్న బావమరిది మొహం అంత దగ్గర నుంచి చూశాడు. జుట్టు ముగ్గుబుట్టయింది. బుగ్గలు లోపలికి పోయాయి. వీడికి నా కన్నా ఆరేళ్లు తక్కువ కదా అనుకున్నాడు, ఎందుకనుకున్నానా అని వెంటనే తన మీద తనకే చిరాకేసింది. స్వామి తల వంచుకుని బల్ల మీది గుడ్డను సరిచేస్తున్నాడు. సరిగ్గానే ఉన్న గుడ్డను ఎంతసేపు సరిచేస్తాడు?

వడ్డించే కుర్రాడు రాయచోటివాడు, పేరు రఫీ. తెలుగు వినబడగానే వాడికి ప్రాణం లేచొచ్చింది. వేయించిన పచ్చి మిరపకాయల పళ్లెం ఒకటి తెచ్చి సరిగ్గా ఇద్దరి మధ్యా పెట్టాడు.

"మన మిరపకాయల మాదిరే ఉంటాయి గానీ కారముండదన్నా. యాడో ఒకటి మాత్రం మంటెత్తిస్తాది. తినండి."

ఎల్లన్న చెయ్యి కదల్లేదు. స్వామి చెయ్యీ కదల్లేదు.

"ఇంకో ప్లేటు తే. నాకు ఏరే పెట్టు" అన్నాడు ఎల్లన్న, రఫీ వైపు మాత్రమే చూస్తూ.

"అట్ల ఇచ్చేకి కాదన్నా. ఈడ పద్ధతే అది. ఏది తెచ్చినా మధ్యలో ఒకటే పెడతాము, ఇద్దరూ దాంట్లోనే తినాల. వేరే పెడితే షోసే ఒప్పుకోడు."

ఊళ్లో అయితే ఈ పళ్లెం దాకా రావడానికి పదిమంది పెద్దమనుషులు కూర్చునేవారు. ఎవరిది తప్పో తేల్చి, ఎవరు ముందు చెయ్యి పెట్టాలో చెప్పేవారు. ఇక్కడ ఎవరూ లేరు. ముందు చెయ్యి పెట్టినవాడు తల వంచినట్టే. ఎల్లన్నకు తెలిసింది అది. స్వామికీ అదే తెలుసు. చెరొక రొట్టె ముక్క తమ సొంత పళ్లెంలో ఉంది కాబట్టి ఇద్దరూ దాన్నే తుంచుకుంటూ, నంజుకోవడానికి ఏమీ లేక నమిలిందే నమిలారు.

రఫీ చేప పెట్టి చేసిన రొట్టెల్లాంటివి తెచ్చాడు. అవీ మధ్యలోనే చల్లారాయి. చుట్టూ బల్లల మీద పళ్లేలు ఖాళీ అవుతున్నాయి. పఠాన్లు గట్టిగా నవ్వుతున్నారు. బెంగాలీ కుర్రాళ్లు మంట మిరపకాయ ఎవరికి వస్తుందోనని పందెం కాస్తున్నారు. వంటగది కిటికీలోంచి షోసే తల బయటికి పెట్టి ఈ బల్ల వైపు చూశాడు. మళ్లీ చూశాడు. ఎల్లన్న జేబులో ఫోన్ వణికింది. ముత్యవ్వ అని తెలుసు. తీయలేదు. తీస్తే ఏమని చెబుతాడు, రొట్టె తింటున్నానని చెబుతాడా?

చివరికి రఫీ ఒక చెక్క పళ్లెం తెచ్చాడు. ఉడికిన ఆలుగడ్డ బిళ్లల మీద, ఎర్రటి పొడి చల్లి, గుండ్రగా కోసిన తునకలు. వాటి అంచున చిన్న చిన్న గిన్నెల్లాంటివి వరుసగా ఉన్నాయి.

"ఇదే ఈళ్ల పెద్ద వంటన్నా. ఆక్టోపస్. ఎనిమిది కాళ్లుంటాయే, అది. మేము తినము, మా మజ్‌హబ్‌లో ఒప్పుకోరు. మీకేం, తినండి. దీనికోసం షోసే తెల్లారగట్లే లేచినాడు."

స్వామి మొహం ఒక్క క్షణం ముడుచుకుపోయింది. చిన్నప్పటి నుంచీ అంతే, రొయ్యను చూసినా లేచి అవతలికి పోయేవాడు. ఎల్లన్నకు నవ్వు రాబోయింది. ఆ నవ్వును గొంతులోనే నొక్కేశాడు.

అంతలో షోసే స్వయంగా వచ్చేశాడు. ముట్టని పళ్లేలు చూసి అతని మొహం వాడిపోయింది. వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, "మాఫీ కొయిస్?" అని అడిగాడు, బాగాలేదా అని. హోటలు యజమాని సౌదీ ఆయన కూడా అటు తిరిగి చూస్తున్నాడు. బయట బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. రెండు క్యాంపులకూ రెండు బస్సులు. స్వామి ఎక్కే బస్సు వేరు, అది ఎక్కితే ఇక ఈ దేశంలో ఇద్దరూ ఎదురుపడేది లేదు.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఎల్లన్నకు ఆ పూట తెలిసొచ్చింది. కొత్తల్లుడిగా వెళ్లినప్పుడు దేవవ్వ తన కంచం పక్కనే కూర్చుని, చాలు అత్తా అన్నా వినకుండా వడ్డించేది. ఆ ముసలమ్మ ఇప్పుడు కూతుర్ని కలవరిస్తోంది. పట్టించినవాడి మీద కోపం తన దగ్గరే ఉంది, శిక్ష మాత్రం ఆ ముసలమ్మ అనుభవిస్తోంది. ఇది అన్యాయమని అతనికి తెలియక కాదు. తెలిసినా చెయ్యి లేవకపోవడమే అతని జబ్బు.

ఆ చెయ్యి లేచింది. ఎలా లేచిందో అతనికే తెలియదు. పళ్లెంలోంచి ఒక తునక తీసుకుని నోట్లో వేసుకున్నాడు. బోటీలా మెత్తగా, ఉప్పగా ఉంది. మింగాడు. షోసే రెండు చేతులూ జోడించి నవ్వుతూ వంటగదిలోకి వెళ్లిపోయాడు.

ఎల్లన్న పళ్లేన్ని స్వామి వైపు జరిపాడు.

"తిను" అన్నాడు. తొమ్మిదేళ్లలో మొదటి మాట.

స్వామి పళ్లెం వైపు చూశాడు, బావ వైపు చూశాడు.

"నేన్ తిన బావా."

ఎల్లన్నకు చెంప మీద కొట్టినట్టయింది. రక్తం ఒక్కసారి తలకెక్కింది. "నేను చెయ్యి పెట్టినంక నువ్వు పెట్టవా?" అన్నాడు. గొంతు తగ్గించాలనుకున్నాడు గానీ తగ్గలేదు. పక్క బల్ల మీద నవ్వులు ఆగిపోయాయి.

"నువ్వు నా తప్పు మాఫ్ చేసి తింటున్నవ్ బావా. నేను తింటే ఆ తప్పు నాదే అని ఒప్పుకున్నట్టయితది. ఎల్లుండి సంది నేను ఆ ఊర్లనే బతకాలె. అయినోన్ని పట్టిచ్చినోడని పిల్లలు గూడ నన్ను ఏలుపెట్టి చూపిస్తరు. వద్దు."

"మరి పట్టియ్యలేదా?"

స్వామి కళ్లలో నీళ్లు తిరిగాయి. "తొమ్మిదేండ్లల్ల ఒక్కపారన్న గీ మాట అడిగినవా నన్ను? గియ్యాల అడిగినవ్."

"అడిగిన గదా. చెప్పు."

"నేను చెప్పరాదు. నా మీద ఇంకొకల ఒట్టున్నది. అక్కను అడుగు."

బయట హారన్ మళ్లీ మోగింది. పఠాన్ మేస్త్రీ లేచి, ఎవరూ అడక్కుండానే, డ్రైవరును ఆపడానికి బయటికి నడిచాడు. ఎల్లన్న ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, స్పీకర్ నొక్కాడు. మొదటి రింగుకే ముత్యవ్వ ఎత్తింది.

"తిన్నరా?"

"భూమేశ్‌ను ఎవలు పట్టిచ్చిండ్రు?"

అవతల ఎక్కడో కుక్క మొరిగింది.

"గిప్పుడెందుకది?"

"చెప్పు ముత్యవ్వా. స్వామి గీడనే ఉన్నడు. వాడు చెప్తలేడు."

"వాడు చెప్పడు. వాడు మాటిచ్చిండు" అంది ముత్యవ్వ. ఇక దాచి లాభం లేదన్నట్టు మొదలుపెట్టింది. "భూమేశే అడిగిండు. గీడ సచ్చిపోయేతట్టున్న, నన్ను పట్టియ్యుండ్రి, పట్టిస్తే ఇంటికి తోలుతరట అని స్వామి కాళ్ల మీద పడ్డడు. ఖల్లివల్లి అయినోనికి ఇంకో తొవ్వేది? అన్న నా వీసా కోసం ఊరూరు తిరిగిండు, నేనే పోత అన్ననని తెలిస్తే నా మొఖం చూడడు, అన్నకు చెప్తే ఉరివెట్టుకుంట అన్నడు. స్వామి నాకు ఫోన్ చేసి ఏం చెయ్యాలె అక్కా అని ఏడ్చిండు. పట్టియ్యి, పానంతోని వస్తే సాలు అన్న. నేనే అన్న."

"నువ్వా?"

"నేనే. వాడు నేను చెప్పిందే చేసిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? భూమేశ్ అప్పుడు ఉన్న తీరుకు అన్నంత పని చేస్తడని భయపడ్డ. బావ కోపం నా మీదుంటే ఉండనీ అక్కా, నెల దినాలల్ల సల్లవడ్తడు, అప్పుడు చెప్దాం అన్నడు స్వామి. నేనూ అట్లనే అనుకున్న. నువ్వు సల్లవడనే లేదు."

"ఇంట్ల అందరికెర్కేనా?"

"నీకు తప్ప."

ఎల్లన్న మనసులోనే లెక్కపెట్టుకున్నాడు. తమ్ముడికి తెలుసు, భార్యకు తెలుసు, బావమరిదికి తెలుసు. మంచానపడ్డ ముసలమ్మకు కూడా తెలిసే ఉంటుంది. ఇంటెడుమందీ ఒక నిజాన్ని ఇన్నేళ్లు అతనికి కనబడకుండా దాచారు, అతని మీద ప్రేమ లేక కాదు, అతని కోపమంటే భయపడి. నేరం కాదని తెలిసిన పనికి ముత్యవ్వ తల్లి గడప తొక్కకుండా ఉంది, ఒట్టు అతని ప్రాణం మీద ఉంది కాబట్టి. ఈ ఆలోచన రాగానే ఎల్లన్నకు తన మీద తనకు అసహ్యం వేసింది. అంతకన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది. పనివాళ్లందరి ముందు, తాను కూర్చిన గోడ పక్కన కూర్చుని, మొహం దాచుకోకుండానే ఏడ్చాడు.

"తప్పు నాది స్వామీ" అన్నాడు. ఆ మాట అతని నోటివెంట రావడం స్వామి పుట్టాక వినలేదు. "నేను పెట్టినంక నువ్వు తినుడు కాదు. నాకు నువ్వే పెట్టాలె. పెడ్తవా?"

ఎన్నాళ్లుగానో బిగపట్టుకున్నదేదో స్వామి మొహంలో సడలడానికి కొంత సమయం పట్టింది. తర్వాత చెక్క పళ్లెంలో చెయ్యి పెట్టి, తునకలను వేలితో జాగ్రత్తగా పక్కకు నెట్టి, అడుగున ఉన్న ఆలుగడ్డ బిళ్ల తీసి బావ అరచేతిలో పెట్టాడు. ఇంకొకటి తాను నోట్లో వేసుకున్నాడు.

"గా కాళ్లు మాత్రం నేను ముట్ట బావా. గవన్ని నువ్వే తినాలె."

ఏడుస్తున్న ఎల్లన్న నవ్వాడు. రెండూ ఒకేసారి వస్తే ఆలుగడ్డ గొంతుకు అడ్డం పడింది. రఫీ పరుగెత్తుకొచ్చి నీళ్లు పోశాడు. గ్లాసు దించాక ఎల్లన్న ఫోన్ మీదికి వంగాడు.

"తిన్నం ముత్యవ్వా. ఇద్దరం తిన్నం. నువ్వు అవ్వ కాడికి పో. ఇప్పుడే బయల్దేరు."

"ఏడికి బయల్దేరాలె?" అంది ముత్యవ్వ. "పొద్దుగాల్ల సంది మా అవ్వగారింటి గడప బయటనే నిలవడ్డ. నువ్వెప్పుడు చెప్తవా అని."

ఇద్దరు మగవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఫోనులో తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు వినబడింది. లోపల ఎక్కడినుంచో, చాలా నీరసంగా, ఒక ముసలి గొంతు అడిగింది.

"ఎవలు బిడ్డా?"

"నేనే అవ్వా. ముత్తెను."

మంచం కదిలిన చప్పుడు వచ్చింది. స్వామి చెయ్యి చాపి, ఫోన్ కట్ చేయబోయిన బావ వేళ్లను పట్టుకుని ఆపాడు. బయట బస్సు ఆగే ఉంది. ఇద్దరూ పళ్లేన్ని మధ్యలోనే ఉంచుకుని వింటూ కూర్చున్నారు.